పాఠకుల ప్రశ్నలు, జవాబులు: రాజుల యుద్ధానికి కూలిమనిషి ఎందుకు వెళ్ళాడు?

మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన రాజకీయ కారణాల మీద గత సంచికలో వచ్చిన వ్యాసాన్ని చదివి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. వారిలో ఎక్కువమంది అడిగింది చక్రవర్తుల గురించి కాదు, సిపాయిల గురించి. ఆ ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పాఠ్యపుస్తకంలో యుద్ధ కారణాలంటే కూటములు, వలసల కోసం పోటీ, ఆయుధాల పోటీ, సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య అని వరుసగా ఇచ్చారు. రాజులు, మంత్రులు ఎందుకు కొట్లాడుకున్నారో వాటివల్ల తెలుస్తుంది. కానీ మగ్గం ముందు కూర్చునే మనిషి, గనిలో దిగే మనిషి తుపాకి పట్టుకుని ఎందుకు బయలుదేరాడు? ఆనాటి ఫోటోల్లో జనం టోపీలు ఎగరేస్తూ సంబరపడుతున్నారు. నిజంగానే అంత ఉత్సాహం ఉండేదా? (డిగ్రీ విద్యార్థిని, ధర్మవరం)

జవాబు: 1914 ఆగస్టులో రైలెక్కిన ఐరోపా సైనికుల్లో అత్యధికులను 'వస్తావా, రావా' అని అడిగినవారు లేరు. ఫ్రాన్స్, జర్మనీ, రష్యా, ఆస్ట్రియా-హంగరీ దేశాలన్నింటిలోనూ నిర్బంధ సైనిక సేవ అమలులో ఉండేది. ఇరవై ఏళ్ళ ప్రాయంలో రెండేళ్ళో మూడేళ్ళో పటాలంలో గడిపి ఇల్లు చేరినవాడి పేరు ఆ తర్వాత చాలా ఏళ్ళు రిజర్వు జాబితాలో ఉండేది. పిలుపు వస్తే ఎన్నో రోజున ఎక్కడ హాజరు కావాలో ఫ్రెంచి రిజర్వు సైనికుడి దగ్గర ఉండే పుస్తకంలో ముందే రాసిపెట్టి ఉండేది. కాబట్టి 'ఎందుకు చేరాడు' అన్న ప్రశ్న పూర్తిగా వర్తించేది బ్రిటన్‌కూ దాని అధీనంలోని దేశాలకూ మాత్రమే. మిగిలిన దేశాల విషయంలో 'ఎందుకు ఎదురు తిరగలేదు' అని అడగాలి.

ఫోటోల సంగతికి వస్తే, అవి చాలావరకు బెర్లిన్, పారిస్, లండన్ నగరాల కూడళ్ళలో తీసినవి. అక్కడ గుమిగూడిన వారిలో విద్యార్థులూ గుమాస్తాలూ ఎక్కువ. పల్లెటూళ్ళలో కెమెరా లేదు. ఫ్రాన్స్‌లో ఆగస్టు 1 సాయంత్రం సైన్య సమీకరణ ఉత్తర్వు వెలువడి చర్చి గంటలు మోగినప్పుడు జనం కోతల పనిలో పొలాల్లో ఉన్నారు; ఎక్కడో నిప్పంటుకుందేమోనని పరుగెత్తుకొచ్చినవారు ఎందరో. ఆ రోజుల్లో తమ ఊరి జనం ఎలా ఉన్నారో అక్కడి బడిపంతుళ్ళు రాసి ఉంచిన నివేదికల్లో ముందు కనిపించేది దిగ్భ్రమ, కన్నీళ్ళు. ఆ తర్వాత 'ఇక తప్పదు, వెళ్ళాల్సిందే' అన్న గట్టి నిశ్చయం. నూటికి పదముగ్గురు తప్పించుకుంటారని ఫ్రెంచి అధికారులు ముందుగా అంచనా కట్టగా, నిజంగా తప్పించుకున్నది నూటికి ఇద్దరు కూడా లేరు.

ఎందుకు తప్పించుకోలేదంటే, ఎవరికి వారు తమ దేశం మీదికే పగవాడు వచ్చిపడ్డాడని నమ్మారు. జర్మన్ సైన్యం బెల్జియం మీదుగా దూసుకువస్తున్నప్పుడు ఫ్రెంచి రైతుకు ఆ నమ్మకం కలగడంలో వింత లేదు. జర్మన్ కార్మికుడు కూడా, రష్యా జారు ముందుగా సైన్యాన్ని కదిలించాడు గనుక తనది ఆత్మరక్షణ అనే అనుకున్నాడు. జర్మన్ పార్లమెంటులో అతిపెద్ద పక్షమైన సోషల్ డెమొక్రాట్లు ఆగస్టు 4న యుద్ధవ్యయానికి అనుకూలంగా ఓటు వేశారు. యుద్ధాన్ని ఆపాలని చివరివరకూ శ్రమించిన ఫ్రెంచి సోషలిస్టు నాయకుడు జాన్ జోరెస్ జూలై 31న హత్యకు గురయ్యాడు. ఆయన అంత్యక్రియల్లోనే కార్మిక సంఘాల నాయకుడు దేశరక్షణకు మద్దతు పలికాడు. ప్రభుత్వాలు ఇన్నేళ్ళ ప్రచారంతో సాధించలేని ఏకాభిప్రాయం ఆ వారం రోజుల్లో వచ్చిందంటే అందుకు కారణం ఉత్సాహం కాదు, భయం అని నా అభిప్రాయం.

బ్రిటన్‌లో 1916 జనవరి దాకా నిర్బంధం లేదు. యుద్ధమంత్రి కిచెనర్ మొదట లక్షమందిని అడిగాడు. 1914 సెప్టెంబరు ఒక్క నెలలోనే 4 లక్షల 60 వేలకు పైగా చేరారు. దీన్ని చూపించి, క్రిస్మస్‌కల్లా యుద్ధం ముగిసిపోతుందన్న భ్రమలో సరదాగా పోయారని చాలామంది రాస్తుంటారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. యుద్ధం ప్రకటించింది ఆగస్టు 4న. జనం పోటెత్తింది మాత్రం బెల్జియంలోని మాన్స్ దగ్గర దెబ్బతిని బ్రిటిష్ సైన్యం వెనక్కి వస్తోందన్న వార్త ఆగస్టు చివర్లో పత్రికలకెక్కిన తర్వాత. అంటే గెలుపు సులువని అనుకున్నప్పటికంటే, ఓటమి దగ్గరపడిందని భయపడ్డప్పుడే ఎక్కువమంది కదిలారు. పైగా వాళ్ళు సంతకం పెట్టిన కాగితంలో గడువు మూడేళ్ళు, లేదా యుద్ధం ముగిసేదాకా అని స్పష్టంగా ఉంది.

దేశం మీద ప్రేమ ఒక్కటే చాలదు గనుక మిగిలిన వాటినీ చూడాలి. మీరు మగ్గాల ఊరి నుంచి రాశారు కాబట్టి ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో ఉన్న ఆక్రింగ్టన్ అనే పట్టణాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. అది నూలుమిల్లుల ఊరు. 1914 వేసవిలో అక్కడ నూలు వ్యాపారం మందగించి మిల్లుల్లో పనిదినాలు తగ్గిపోయాయి. మిల్లులకు యంత్రాలు తయారుచేసే పెద్ద కర్మాగారంలో జూలైలో సమ్మె, ఆ వెంటనే లాకౌట్. సరిగ్గా అలాంటి సమయంలో, స్నేహితులు కలిసి చేరితే కలిసే పనిచేయనిస్తామన్న హామీతో పటాలాలు కడుతున్నారన్న కబురు వచ్చింది. ఆక్రింగ్టన్, చుట్టుపక్కల ఊళ్ళు కలిసి పది రోజుల్లో ఒక పూర్తి పటాలాన్ని నింపేశాయి. సైనికుడి జీతం రోజుకు ఒక్క షిల్లింగే అయినా తిండి, బట్ట, బూట్లు సర్కారువి. ఇంట్లో భార్యకు వారానికి పన్నెండున్నర షిల్లింగులు అందేవి (అందులో కొంత అతని జీతంలోంచే), పిల్లలుంటే ఇంకా ఎక్కువ. వారానికి ఇరవై షిల్లింగులు కూడా కళ్ళజూడని వ్యవసాయ కూలీలు ఆ దేశంలో లక్షల్లో ఉన్నప్పుడు ఈ లెక్క ఎవరూ వేసుకోలేదనుకోవడం అమాయకత్వం.

పరువు కూడా పనిచేసింది. వీధిలో పదిమంది చేరితే పదకొండోవాడు ఇంట్లో కూర్చోవడం కష్టం. ఫోక్‌స్టన్ పట్టణంలో ఒక విశ్రాంత నౌకాదళాధికారి ఆగస్టు 30న ఒక ఉద్యమం మొదలుపెట్టాడు: యూనిఫారం లేకుండా కనిపించిన యువకుడి చేతిలో, పిరికివాడన్నదానికి గుర్తుగా, ఆడవాళ్ళు తెల్ల ఈక పెట్టాలి. సెలవు మీద ఇంటికి వచ్చి మామూలు బట్టలు వేసుకున్న సైనికులకు కూడా ఈకలు అందాయట! ఇక మరో చివర, చేరతామన్నా పొట్టివాళ్ళని తిప్పి పంపిస్తే గొడవపడ్డవారూ ఉన్నారు. అయిదడుగుల మూడంగుళాల కంటే తక్కువ ఎత్తున్న వారి కోసం బర్కన్‌హెడ్‌లో ప్రత్యేక పటాలమే లేచింది.

ఆక్రింగ్టన్ పటాలం 1916 జూలై 1న ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధంలో సెర్ అనే గ్రామం మీదికి నడిచింది. దాడిలో దిగిన సుమారు 720 మందిలో 584 మంది చనిపోయారు, గాయపడ్డారు లేక జాడ తెలియకుండా పోయారు. అందుకు పట్టిన సమయం దాదాపు అరగంట. స్నేహితులను ఒకేచోట పెడితే బాగా పోరాడతారన్నది నిజమే. ఒకేచోట పెడితే ఒకేసారి పోతారని, ఒక్క ఊళ్ళో వీధి వీధికీ ఒకే వారంలో చావుకబురు వస్తుందని ఆ పథకం వేసినవాళ్ళు ఆలోచించలేదు.

ప్రశ్న: చేరడం సరే. వేలమంది కళ్ళముందే కూలిపోతుంటే చూసిన తర్వాత కూడా కందకం వదిలి ఎందుకు పారిపోలేదు? వెనక్కి తిరిగితే సొంతవాళ్ళే కాల్చేస్తారన్న భయమేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆదోని)

జవాబు: ఆ భయం ఉంది, కానీ అదొక్కటే అయితే సైన్యం నాలుగేళ్ళు నిలిచేది కాదు. బ్రిటిష్ సైన్యంలో యుద్ధకాలంలో మరణశిక్షలు మూడువేలకు పైగా విధించినా, పదింట తొమ్మిది వంతుల వరకూ తగ్గించేశారు; అమలైనవి 346. వాటిలో పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకు బలైన 306 మందికి ఆ దేశం 2006లో క్షమాభిక్ష ప్రకటించింది. అరకోటికి పైగా మనుషులున్న సైన్యంలో ఈ సంఖ్య భయపెట్టడానికి సరిపోతుంది గానీ, ప్రతి ఉదయం మనిషిని లేపి నిలబెట్టడానికి సరిపోదు.

నిలబెట్టినవి చాలావరకు చిన్నచిన్న సంగతులు. మొదటిది, మనం ఊహించుకున్నట్టు సిపాయి నెలల తరబడి ముందు కందకంలోనే ఉండడు. కొద్దిరోజులు ముందు వరుసలో, మరికొన్ని రోజులు దాని వెనుక, ఆ తర్వాత ఫిరంగి దెబ్బకు దూరంగా విశ్రాంతిలో, ఇలా వంతుల మీద తిప్పేవారు. ఇన్నో రోజుకు ఇక్కడి నుంచి బయటపడతానని లెక్కపెట్టుకునే మనిషి ఇవాళ్టికి ఓర్చుకుంటాడు. రెండోది, ఉత్తరాలు. బ్రిటిష్ సైన్యపు తపాలా వారానికి కోటికి పైగా ఉత్తరాలను మోసింది. ఇంటి కబురు రెండుమూడు రోజుల్లో కందకానికి చేరేది.

అన్నిటికంటే బలమైనది పక్కనున్న మనిషి. దీనికొక ఉదాహరణ చెబుతాను. చలికాలంలో కందకాల నిండా నీళ్ళు. తడి బూట్లతో రోజుల తరబడి నిలబడితే పాదాలు మొద్దుబారి, వాచి, కుళ్ళి, చివరికి కోసివేయాల్సి వచ్చేది. మొదటి చలికాలంలో వేలమంది ఇలాగే ఆసుపత్రి పాలయ్యారు. దాంతో సైన్యం ఒక పద్ధతి పెట్టింది: సిపాయిలను జతలుగా చేసి, రోజూ బూట్లు విప్పించి, ఒకడి పాదాలకు ఇంకొకడు తిమింగలం నూనె పట్టించి మర్దన చేయాలి, పొడి మేజోళ్ళు తొడగాలి, అధికారి వచ్చి చూడాలి. రాజును చూడని, జెండాను తలచుకోని రోజుల్లో కూడా తన పాదం పట్టుకుని నూనె రాసిన మనిషిని ఆ సిపాయి రోజూ చూశాడు. దాడి రోజున వాణ్ణి ఒంటరిగా పంపించి తాను వెనక ఎలా ఉండిపోతాడు? డజనుమంది ఉండే ఆ చిన్న జట్టులో మాట పడకుండా ఉండడమే చాలామందికి ధైర్యం.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఎప్పుడూ పోరాడారని కాదు. ఎదురెదురు కందకాల వాళ్ళు, ఒకరి భోజన సమయంలో మరొకరు కాల్చకుండా, ఫిరంగులు రోజూ ఒకే వేళకు ఒకే చోట పేలేలా చూసుకుంటూ, మాటల్లో లేని ఒప్పందాలు నడిపిన ప్రాంతాలు చాలా ఉన్నాయి. 1914 క్రిస్మస్ నాడు బెల్జియం, ఫ్రాన్స్ సరిహద్దు ప్రాంతంలో బ్రిటిష్, జర్మన్ సిపాయిలు కందకాల మధ్యకు వచ్చి చేతులు కలిపి, సిగరెట్లు మార్చుకుని, మధ్యలో పడివున్న శవాలను పూడ్చుకున్నది కట్టుకథ కాదు. పై అధికారులు మరుసటి ఏడాది అది జరగకుండా గట్టి ఉత్తర్వులు ఇచ్చారు.

ఓర్పు హద్దు దాటినప్పుడు ఏం జరిగిందో 1917 చెబుతుంది. ఏప్రిల్‌లో ఫ్రెంచి సేనాధిపతి జనరల్ నివెల్ నలభై ఎనిమిది గంటల్లో గెలిపిస్తానని చేసిన దాడి విఫలమై లక్షకు పైగా ఫ్రెంచివాళ్ళు చనిపోవడమో గాయపడడమో జరిగాక, ఆ సైన్యంలో దాదాపు సగం డివిజన్లలో సిపాయిలు మాట వినడం మానేశారు. అయితే వాళ్ళు కందకాలు వదిలి శత్రువుకు దారి ఇవ్వలేదు. కాపలా కాస్తాం, వ్యర్థమైన దాడికి మాత్రం వెళ్ళం అన్నారు; సెలవులు సరిగా ఇమ్మన్నారు, తిండి బాగుచేయమన్నారు. నివెల్ స్థానంలో వచ్చిన పెతాఁ కొందరిని కాల్పించాడు, ఎక్కువ భాగం అడిగినవి ఇచ్చాడు, దాడులు ఆపాడు. సిపాయి దేనికోసం చావడానికి ఒప్పుకున్నాడో, దేనికి ఒప్పుకోలేదో ఇంత తేటగా చూపిన సంఘటన ఆ యుద్ధంలో మరొకటి లేదనుకుంటాను. అదే ఏడాది రష్యాలో కథ వేరు. ఊళ్ళో దొరల భూములు పంచుకుంటున్నారన్న వార్త విన్న రైతు సిపాయి తన వాటా పోతుందేమోనని తుపాకీతో సహా ఇంటిదారి పట్టాడు.

ప్రశ్న: ఐరోపావాళ్ళ తగాదాకు మన దేశపు మనుషులు ఎందుకు వెళ్ళినట్టు? అందులో మన దత్తమండలాల (రాయలసీమ) వారు ఉన్నారా? ఉంటే ఎవరూ ఎందుకు చెప్పుకోరు? (పాఠకుడు, ప్రొద్దుటూరు)

జవాబు: భారతదేశం నుంచి సిపాయిలూ, అనుచరులూ (వంట, మోత వంటి పనులు చేసేవారు) కలిపి 14 లక్షలకు పైగా ఆ యుద్ధంలో పనిచేశారు, 74 వేలమంది తిరిగి రాలేదు. 1914 సెప్టెంబరు 26న ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో మొదటిగా దిగినవారు కొత్తగా చేరినవారు కారు, జీతానికి కొలువు చేస్తున్న సిపాయిలు. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవడం వారి ఉద్యోగం. ప్రశ్న వచ్చేది ఆ తర్వాత చేరిన లక్షల మంది విషయంలో.

మీ కడప ప్రాంతపు పల్లెల్లో కువైట్ వెళ్ళినవాళ్ళు లేని వీధి అరుదు. అన్న పోయి డబ్బు పంపితే తమ్ముడు పోతాడు, బావమరిది పోతాడు. అక్కడి రాజకీయం ఎవరికీ పట్టదు, వాన లేని చేను అందరికీ పడుతుంది. పంజాబులో పటాలం అలాంటిదే. సిపాయికి నెలకు పదకొండు రూపాయలు జీతం, తర్వాత పింఛను, అదృష్టం బాగుంటే కాలువ కింద కొత్తగా సాగులోకి వచ్చిన భూమి. తాత, తండ్రి చేసిన కొలువు గనుక ఊళ్ళో గౌరవం. ఫ్రాన్స్ నుంచి వారు రాసిన ఉత్తరాలను అధికారులు తెరిచి చదివేవారు. ఆ చదివినవాటి భాగాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో ప్రభువు ఉప్పు తిన్న ఋణం తీర్చుకోవాలన్న మాటా, వంశం పరువు నిలపాలన్న మాటా పదేపదే కనిపిస్తాయి. అధికారులు చదువుతారని తెలిసి రాసిన ఉత్తరాలు గనుక అందులో ప్రతి మాటనూ యథాతథంగా తీసుకోకూడదు. తెలివైనవారు మారుపేర్లతో రాసేవారు: నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారు అంటే, భారతీయులు చాలామంది చనిపోయారు, తెల్లవారిని దింపుతున్నారు అని అర్థం. ఊళ్ళోవాళ్ళను చేరవద్దని హెచ్చరించడానికి రాసిన సంగతులు అవి.

హెచ్చరికలు పనిచేశాయి కాబోలు, 1917 నుంచి పంజాబులో స్వచ్ఛందం పేరుకే మిగిలింది. జిల్లాకు ఇంతమంది, తాలూకాకు ఇంతమంది అని లెక్క కట్టి, గ్రామ పెద్దల మీదా తహసీల్దార్ల మీదా ఒత్తిడి తెచ్చి మనుషులను పట్టుకొచ్చారు. ఆ పగ 1919 నాటి పంజాబు అలజడికి ఒక కారణం. యుద్ధంలో సాయం చేస్తే స్వపరిపాలన ఇస్తారన్న ఆశ చదువుకున్న వారిలో ఉండేది. 1918లో గాంధీజీ గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమని కోరారు. అంతకు కొద్దినెలల ముందే శిస్తు ఉద్యమంలో ఆయన వెంట నడిచిన రైతులు ఈసారి బండి కూడా ఇవ్వలేదు. నాయకుడి ఆశ ఒకటి, రైతు లెక్క ఇంకొకటి.

ఇక మన సంగతి. అప్పటి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) జనాభా నాలుగు కోట్లు, బ్రిటిష్ పంజాబు జనాభా దానిలో సగం. పంజాబు ఇచ్చిన పోరాట సిపాయిలు సుమారు మూడున్నర లక్షలు. మద్రాసు ఇచ్చినవారు సుమారు 51 వేలు, వారుగాక అనుచరులుగా వెళ్ళినవారు మరో 41 వేలు. మనవాళ్ళు పిరికివాళ్ళనా? కాదు. బ్రిటిష్‌వారు దక్షిణాదిని గెలుచుకున్నదే మద్రాసు సిపాయిలతో, వారిలో తెలుగువారు పెద్ద భాగం. 1857 తర్వాత ఉత్తరాది వాయవ్య ప్రాంతాల వారే యుద్ధజాతులు, దక్షిణాదివారు మెత్తబడిపోయారు అన్న సిద్ధాంతం పుట్టింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి, ఆ తర్వాత భారత సైన్యాధిపతి అయిన రాబర్ట్స్ దాన్ని నమ్మి అమలుచేశాడు. మద్రాసు పటాలాలను రద్దుచేశారు, లేదా పేరు ఉంచి లోపల పంజాబీలను, గూర్ఖాలను నింపారు. ముప్పై ఏళ్ళపాటు తలుపు మూసి, ఆ తర్వాత 'వీరిలో సైనిక సంప్రదాయం లేదు' అనడం ఎంత వింత న్యాయమో మీరే చూడండి.

1917 నాటికి పంజాబు అడుగంటింది, మద్రాసు మళ్ళీ గుర్తుకొచ్చింది. మద్రాసు శాపర్లు వంతెనలూ బాటలూ వేసే పటాలంగా అంతకుముందు నుంచే పేరున్నవారు. వారు మెసొపొటేమియా (నేటి ఇరాక్) తదితర రంగాల్లో పనిచేశారు. అనుచరులంటే వంటవాళ్ళు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, కమ్మరులు, డోలీ మోసేవాళ్ళు, పాకీపని చేసేవాళ్ళు. వర్షాధారమే తప్ప వేరే దిక్కులేని మన ప్రాంతంలో, ధాన్యం ధరలు పెరిగిపోయి 1918లో మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల అంగళ్ళ లూటీలు జరిగిన ఆ రోజుల్లో, నెలనెలా జీతం, పూట పూటకూ తిండి అన్న మాట ఎవరిని కదిలించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వారిని ఎవరూ చెప్పుకోకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది: ఎక్కువమంది భూమిలేనివారు, చదువు లేనివారు, ఉత్తరాలు రాయలేదు, వారి గురించి రాసినవారూ లేరు. మన దేశంలో చాలా ఊళ్ళలో 'ఈ గ్రామం నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు' అని చెక్కిన పలకలు సర్కారు వేయించింది. అంకె ఉంటుంది, పేరు ఉండదు. మీ తాలూకాలోని పాత కచేరీ గోడల మీద అలాంటివి కనిపిస్తే ఫోటో తీసి పంపండి, ప్రచురిస్తాం.

ప్రశ్న: మా ముత్తాత జర్మనీ యుద్ధానికి పోయి వచ్చాడని ఇంట్లో చెబుతారు. ఆయన పేరు మీద ఒక పతకం ఉంది. ఒకవైపు రాజు తల, ఇంకోవైపు గుర్రం మీద మనిషి, 1914, 1918 అని ఉంది. దాన్నిబట్టి ఆయన ఏ పని మీద వెళ్ళాడో తెలుస్తుందా? (గృహిణి, గుత్తి)

జవాబు: కొంతవరకు తెలుస్తుంది. మీరు చెప్పింది బ్రిటిష్ యుద్ధ పతకం. ఆ తల అయిదో జార్జిది. అది వెండిదైతే ఆయన సిపాయిగానో, పటాలంతో పాటు నడిచిన ఉద్యోగిగానో వెళ్ళి ఉండాలి. కంచుదైతే కూలిదళంలోనో, అలాంటి అనుచర దళంలోనో పనిచేసినట్టు. కంచు పతకాలు ఎక్కువగా వారికే ఇచ్చారు. అసలైన సమాచారం పతకం అంచు మీద ఉంటుంది: చుట్టూ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన నంబరు, హోదా, పేరు, దళం పేరు పొట్టి రూపంలో కొట్టి ఉంటాయి. భూతద్దం పెట్టి చదివి, అక్షరం అక్షరం కాగితం మీద రాసుకోండి. తెలుగు పేరును తెల్ల గుమాస్తా తనకు వినపడినట్టు రాసి ఉంటాడు గనుక మీకు తెలిసిన పేరుతో సరిపోకపోయినా కంగారు పడవద్దు. దళం పేరు దొరికితే అది ఏ రంగంలో పనిచేసిందో కనుక్కోవడం సాధ్యమే, ఆ అక్షరాలు మాకు రాసి పంపితే మేమూ ప్రయత్నిస్తాం. ఒక్క మనవి: పండగకు దేవుడి సామాను తోమినట్టు దాన్ని చింతపండుతోనో విభూదితోనో రుద్దకండి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి.